బ్యాండ్ పెట్టుకున్నాక ఫోన్ చార్జింగ్ దిగిపోతోందా? కారణం ఇలా పట్టుకోండి

పొద్దున ఇందిరాగాంధీ స్టేడియంలో నడక ముగించి మెట్ల మీద కూర్చుంటే, నాకు ఫోన్ల సంగతి కాస్త తెలుసని ఎరిగినవాళ్ళు పక్కకొచ్చి అడిగేది ఈమధ్య ఒకటే. "అమ్మాయ్, అడుగులు లెక్కపెట్టే ఈ బ్యాండు చేతికి పెట్టుకున్నప్పటి నుంచీ ఫోను మధ్యాహ్నం రెండింటికే ఆగిపోతోంది. ఏది పాడైందంటావు, ఫోనా, బ్యాండా?" చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి. ఆ రెండింటినీ కలిపే యాప్ దగ్గరే ఉంటుంది చిక్కంతా.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా వరసగా రాసి పెడితే మీరే ఇంట్లో కూర్చుని చేసుకుంటారని ఇది రాస్తున్నాను. పెద్దవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి అమ్మానాన్నలకు బ్యాండ్ కొని పంపుతారు. వీడియో కాల్‌లో యాప్ పెట్టిస్తారు. ఆ తొందరలో యాప్ అడిగిన ప్రతిదానికీ 'అలో' నొక్కేస్తారు. తర్వాత దాని గురించి ఎవరూ పట్టించుకోరు. మే నెల ఎండలో బెజవాడ రోడ్డు మీదికి వెళ్ళిన పెద్దమనిషికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్ అని వస్తే, ఇంట్లోవాళ్ళకు ఎంత టెన్షనో నాకు తెలుసు. అందుకే ఇది చిన్న సమస్య అని నేను అనుకోను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. బ్లూటూత్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన చార్జింగ్ అంతగా పోదు. ఇప్పుడొస్తున్న బ్యాండ్లు దాదాపు అన్నీ ఫోన్‌తో 'బ్లూటూత్ లో ఎనర్జీ' పద్ధతిలోనే మాట్లాడతాయి. 2010లో బ్లూటూత్ 4.0తో వచ్చిన పద్ధతి అది. కాసేపు మేలుకుని నాలుగు అంకెలు పంపి మళ్ళీ నిద్రలోకి పోవడమే దాని పని. కాబట్టి ఒక్క రాత్రిలో 20 శాతం దిగిపోతోందంటే యాప్ ఇంకేదో చేస్తోందన్నమాట.

కావలసినవి

ఒక కాగితం, పెన్ను. పూర్తిగా చార్జ్ చేసిన బ్యాండ్. యాప్ లాగిన్ వివరాలు, అంటే ఏ మెయిల్‌తో లేదా ఏ నంబరుతో తెరిచారో అది, దాని పాస్‌వర్డ్. ఇది లేకుండా మాత్రం మొదలుపెట్టకండి, మధ్యలో యాప్ తీసేయాల్సి వస్తే నెలల నడక లెక్క పోతుంది. మీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షనో చూసి రాసుకోండి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' దగ్గర ఉంటుంది. వీటన్నిటికీ తోడు కొన్ని రాత్రుల ఓపిక కావాలి. పది నిమిషాల్లో తేలిపోయే పని కాదిది.

1. ముందు కొలవండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. పగలు ఫోన్ ఎంత వాడామో రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి పగటి లెక్క నమ్మడానికి లేదు. రాత్రయితే ఫోన్ ముట్టుకోం. అప్పుడు దిగిన చార్జింగంతా వెనకాల నడుస్తున్నవాటిదే.

మొదటి రాత్రి ఏ సెట్టింగూ మార్చకండి. పడుకోబోయే ముందు ఎంత శాతం ఉందో, టైమెంతో రాసుకోండి. చార్జర్ పెట్టకండి. లేవగానే మళ్ళీ రాసుకోండి.

రెండో రాత్రి పడుకునే ముందు సెట్టింగ్స్, యాప్స్, మీ బ్యాండ్ యాప్ దగ్గరికి వెళ్ళి 'ఫోర్స్ స్టాప్' నొక్కండి. బ్లూటూత్ కూడా ఆపేయండి. మిగతావన్నీ, వైఫైతో సహా, నిన్నటిలాగే ఉండాలి. ఫోన్ పెట్టే చోటు కూడా మార్చొద్దు, సిగ్నల్ తక్కువున్న మూల పెడితే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. మా బాబాయి గారి కాగితం చెబుతాను. మొదటి రాత్రి 10 గంటలకు 78, పొద్దున 6కి 54. అంటే 24 శాతం పోయింది. రెండో రాత్రి పోయింది 7 శాతమే. ఆయన ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే కొలత). అందులో 24 శాతమంటే 1,200 ఎంఏహెచ్, ఎవరూ ముట్టుకోని ఫోన్‌లో. ఇంత తేడా కనిపిస్తే యాప్ మీద అనుమానం ఖాయం చేసుకుని ముందుకు వెళ్ళండి.

రెండు రాత్రులూ ఒకేలా దిగితే మాత్రం యాప్‌ది తప్పు కాదు. అప్పుడు కింది మెట్లతో పని లేదు, చివరి భాగానికి వెళ్ళండి.

కొందరు ఈ పరీక్షకు ఫ్లైట్ మోడ్ వాడమంటారు. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఆ పని చేయకండి. రాత్రిపూట ఫోన్ అందకుండా పోవడం కన్నా పరీక్ష కాస్త అటూ ఇటూ కావడమే నయం.

2. బ్యాటరీ పేజీ చదవండి, కానీ సరిగ్గా చదవండి

సెట్టింగ్స్, బ్యాటరీ, 'బ్యాటరీ యూసేజ్'. ఏ యాప్ ఎంత తిన్నదో అక్కడ ఉంటుంది. బ్యాండ్ యాప్ పక్కన 30 శాతం కనిపించగానే కంగారుపడతారు. చాలా ఫోన్లలో అది మొత్తం బ్యాటరీలో 30 శాతం కాదు, అప్పటిదాకా ఖర్చయినదాంట్లో దాని వాటా. ఖర్చయింది 10 శాతమే అయితే యాప్ తిన్నది 3 శాతమే.

శాతం కన్నా టైమ్ చూడండి. యాప్ పేరు నొక్కితే తెర మీద ఎంతసేపు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంతసేపు అని విడివిడిగా వస్తుంది. మీరు తెరిచింది నాలుగు నిమిషాలై, బ్యాక్‌గ్రౌండ్ గంటల్లో ఉంటే దొంగ దొరికినట్టే.

ఇంకో సంగతి. ఒక్కోసారి బ్యాండ్ యాప్ పేరు కింద దాదాపు ఏమీ ఉండదు, 'గూగుల్ ప్లే సర్వీసెస్' అనో 'బ్లూటూత్' అనో పైన ఎక్కి కూర్చుంటుంది. యాప్ అడిగిన లొకేషన్ పని చాలావరకు ప్లే సర్వీసెస్ ద్వారా జరుగుతుంది కాబట్టి ఖర్చు దాని ఖాతాలో పడుతుంది. ఈ పేజీలో యాప్ శుభ్రంగా కనిపించినంత మాత్రాన వదిలేయకండి. రాత్రి లెక్కనే నమ్మండి.

3. డ్రాయర్‌లో పడేసిన పాత బ్యాండ్ సంగతి చూడండి

నేను చూసిన ఫోన్లలో ఎక్కువసార్లు దొరికిన కారణం ఇదే. బాబాయి గారిదీ ఇదే. ఆయన చార్జింగ్ నిలవడం లేదని ఒక షాపుకి వెళ్ళి 1,800 రూపాయలు పెట్టి బ్యాటరీ మార్పించుకున్నారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ. "కొత్త బ్యాటరీ కూడా ఇంతేనేంట్రా" అని బాధపడుతూ ఫోన్ నా చేతికిచ్చారు. యాప్ తెరిస్తే అందులో రెండు బ్యాండ్లు ఉన్నాయి. ఒకటి చేతికి ఉన్నది. రెండోది రెండేళ్ళ కిందటిది, పట్టీ తెగిపోతే డ్రాయర్‌లో పడేశారు, చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది. యాప్‌కి ఆ సంగతి తెలియదు కదా. ఆ బ్యాండ్ ఎక్కడుందో అని పగలూ రాత్రీ వెతుకుతూనే ఉంది. జత కలిసిన బ్యాండ్‌తో మాట్లాడటానికి అయ్యే ఖర్చు తక్కువ, లేని బ్యాండ్ కోసం వెతకడానికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ.

ఇలా తీసేయండి:

ముందు ఇప్పుడు వాడుతున్న బ్యాండ్‌ని సింక్ చేయండి. నడక, నిద్ర లెక్కలన్నీ యాప్‌లోకి వచ్చాయని చూసుకోండి.

తర్వాత యాప్‌లో 'డివైసెస్' లేదా 'మై డివైస్' లోకి వెళ్ళి పాత బ్యాండ్‌ని 'అన్‌పెయిర్' లేదా 'రిమూవ్' చేయండి. ఏది పాతదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. కొన్ని బ్యాండ్లు యాప్ నుంచి తీసేయగానే తమలో ఉన్న లెక్కంతా చెరిపేసుకుంటాయి. పొరపాటున కొత్తది తీసేస్తే సింక్ కానిదంతా పోతుంది.

చివరగా ఫోన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ లిస్టు తెరిచి పాత బ్యాండ్ పేరు పక్కన 'ఫర్గెట్' నొక్కండి. అక్కడ పాత స్పీకర్లు, పోయిన ఇయర్‌బడ్స్ ఉంటే అవి కూడా తీసేయండి.

వరస తిరగేయకండి. ముందు బ్లూటూత్ లిస్టు నుంచి తీసేసి యాప్‌లో అలాగే ఉంచితే, యాప్ మళ్ళీ మళ్ళీ జత కలపమని అడుగుతూ ఉంటుంది.

అసలు పాత బ్యాండే లేదా? అయితే ఇంకోటి గమనించండి. బ్యాండ్ చేతికి పెట్టుకుని ఫోన్ ఇంట్లో వదిలేసి రోజంతా బయట తిరుగుతారా? బ్లూటూత్ అందేది పది మీటర్ల చుట్టుపక్కలే. అలాంటి రోజుల్లో కూడా యాప్ ఇంట్లో కూర్చుని వెతుకుతూనే ఉంటుంది. గంటసేపు నడకకు పర్వాలేదు. రోజంతా అయితే వెళ్ళేముందు ఫోన్‌లో బ్లూటూత్ ఆపేయండి.

4. ఆపడం మరిచిపోయిన వాకింగ్ మోడ్

సొంత జీపీఎస్ లేని బ్యాండ్లు నడక దారి గీయడానికి ఫోన్ జీపీఎస్‌నే వాడుకుంటాయి. మీరు స్టేడియంలో 'అవుట్‌డోర్ వాకింగ్' మొదలుపెడతారు. నడక అవగానే తెలిసినవాళ్ళు కలుస్తారు, కబుర్లలో పడతారు, టిఫిన్ సెంటర్‌కి వెళ్తారు. 'ఎండ్' నొక్కడం మరిచిపోతారు. జీపీఎస్ మాత్రం కూరగాయల మార్కెట్ మీదుగా ఇంటిదాకా నడుస్తూనే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. యాప్‌లో గత వారం నడకలు తెరిచి చూడండి. 40 నిమిషాల నడక మూడు గంటలుగా కనిపిస్తే ఇదే కారణం. ఫోన్ తెర పైన లొకేషన్ గుర్తు అదే పనిగా వెలుగుతున్నా అంతే.

ట్రాక్ చుట్టూ తిరిగేవాళ్ళకు అసలు జీపీఎస్ అవసరం లేదని నా అభిప్రాయం. 'ఇండోర్ వాకింగ్' పెట్టుకుంటే బ్యాండే అడుగులు లెక్కపెడుతుంది. దూరంలో కొద్దిపాటి తేడా వస్తుంది, ఆరోగ్యానికి దాంతో పని లేదు. ప్రకాశం బ్యారేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత దూరం నడిచానో కచ్చితంగా కావాలనుకుంటే జీపీఎస్ పెట్టుకోండి, ఆపడం మాత్రం మరిచిపోకండి.

5. లొకేషన్ పర్మిషన్ తగ్గించండి

సెట్టింగ్స్, యాప్స్, బ్యాండ్ యాప్, పర్మిషన్స్, లొకేషన్. 'అలో ఆల్ ది టైమ్' అని ఉంటే 'అలో ఓన్లీ వైల్ యూజింగ్ ది యాప్'కి మార్చండి.

ఆండ్రాయిడ్ 12, ఆపైన ఉంటే అక్కడే 'నియర్‌బై డివైసెస్' అనే పర్మిషన్ విడిగా ఉంటుంది. బ్యాండ్‌తో కలవడానికి కావలసింది అది. దాన్ని మాత్రం ముట్టుకోకండి.

ఆండ్రాయిడ్ 11, అంతకన్నా పాతదైతే జాగ్రత్త. ఆ ఫోన్లలో బ్లూటూత్ పరికరాలను వెతకడానికి కూడా లొకేషన్ పర్మిషనే కావాలి. 'డినై' పెడితే యాప్‌కి బ్యాండ్ కనిపించకపోవచ్చు. యాప్ వాడేటప్పుడు మాత్రమే అన్న మధ్య మార్గం చాలు.

ఇది మార్చాక కొన్ని బ్యాండ్లలో వాతావరణం చూపించడం ఆగుతుంది. ఎండ ఎంతుందో బ్యాండ్ చెప్పకపోయినా మనకు తెలుస్తూనే ఉంటుంది కాబట్టి దీని గురించి బెంగ వద్దు.

6. నోటిఫికేషన్లు కోసేయండి

ఫోన్‌కి వచ్చిన ప్రతి వాట్సాప్ మెసేజీ బ్యాండ్‌కి వెళ్ళాలంటే యాప్ ప్రతిసారీ మేలుకోవాలి. అపార్ట్‌మెంట్ గ్రూపు, బంధువుల గ్రూపు, పాత క్లాస్‌మేట్ల గ్రూపు, పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు. లెక్క వేసుకోండి. ఫోన్‌తోపాటు బ్యాండ్ చార్జింగ్ కూడా దీంతో పోతుంది.

యాప్‌లో 'నోటిఫికేషన్స్' లేదా 'యాప్ అలర్ట్స్' తెరిచి కాల్స్, ఎస్సెమ్మెస్ ఉంచండి. మిగతావన్నీ తీసేయండి. వాట్సాప్ తప్పదనుకుంటే గ్రూపులను వాట్సాప్‌లోనే మ్యూట్ చేయండి.

7. అడుగులు లెక్కపెట్టే యాప్‌లు ఎన్ని ఉన్నాయో చూడండి

బ్యాండ్ యాప్ ఒకటి, ఫోన్‌తో వచ్చిన హెల్త్ యాప్ ఒకటి, ఎవరో చెబితే వేసుకున్నది ఇంకొకటి. అన్నీ ఒకే నడకను లెక్కపెట్టి, ఒకదాని లెక్క ఇంకొకదానికి పంపుకుంటూ ఉంటాయి. ఒక్కటి ఉంచండి. ఆండ్రాయిడ్ 14, ఆపైన 'హెల్త్ కనెక్ట్' సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఏ యాప్ దేనికి లెక్కలు పంపుతోందో అక్కడ చూసి అక్కర్లేనివి ఆపేయవచ్చు.

8. బ్యాక్‌గ్రౌండ్ బ్యాటరీ సెట్టింగ్

యాప్ ఇన్ఫోలో 'బ్యాటరీ' నొక్కితే చాలా ఫోన్లలో మూడు రకాలు ఉంటాయి: అన్‌రిస్ట్రిక్టెడ్, ఆప్టిమైజ్డ్, రిస్ట్రిక్టెడ్. యాప్ మొదట్లో అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టమని అడుగుతుంది. పై మెట్లన్నీ అయ్యాక దాన్ని ఆప్టిమైజ్డ్‌కి మార్చండి. రిస్ట్రిక్టెడ్ మాత్రం వద్దు. అది పెడితే కాల్ వచ్చినా బ్యాండ్ మోగకపోవచ్చు, యాప్ తెరిచేదాకా నిద్ర లెక్క రాకపోవచ్చు. బ్యాండ్ పాడైందని మళ్ళీ అనుమానం మొదలవుతుంది.

యాప్‌లో 'ఆల్ డే సింక్' లాంటిది ఉంటే ఆపేయండి. చాలా బ్యాండ్లు కొన్ని రోజుల లెక్కను తమలోనే దాచుకుంటాయి. రోజుకోసారి యాప్ తెరిస్తే అంతా వచ్చేస్తుంది.

కాల్ అలర్టులు కూడా అక్కర్లేదు, అడుగులు తెలిస్తే చాలు అనుకునేవాళ్ళకు ఇంకా సులువైన దారి ఉంది. ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసి ఉంచండి. రాత్రి భోజనమయ్యాక ఆన్ చేసి, యాప్ తెరిచి, సింక్ అవగానే మళ్ళీ ఆపేయండి. మా అమ్మ ఇలాగే చేస్తుంది.

9. ఏదీ పనిచేయకపోతే

ప్లే స్టోర్‌లో అప్‌డేట్ ఉందేమో చూడండి. యాప్ కొత్త వెర్షన్ వచ్చిన రోజు నుంచే సమస్య మొదలైతే లోపం యాప్‌లోనే ఉండొచ్చు, తర్వాతి అప్‌డేట్‌తో పోవచ్చు. తర్వాత యాప్ ఇన్ఫోలో 'స్టోరేజ్' లోకి వెళ్ళి 'క్లియర్ క్యాష్' నొక్కండి. పక్కనే ఉండే 'క్లియర్ డేటా' నొక్కకండి, లాగిన్‌తో సహా అన్నీ పోతాయి. ఆఖరున సింక్ చేసి, యాప్ తీసేసి, ఫోన్ రీస్టార్ట్ చేసి, మళ్ళీ వేసుకోండి. ఈసారి పర్మిషన్లు అడిగినప్పుడు చదివి నొక్కండి.

ఐఫోన్ వాళ్ళకు

సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరిచి బ్యాక్‌గ్రౌండ్ టైమ్ చూడండి. లొకేషన్ 'వైల్ యూజింగ్'కి మార్చండి. 'జనరల్'లో 'బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్' నుంచి యాప్‌ని ఆపొచ్చు. అప్పుడు మీరు తెరిచినప్పుడే లెక్కలు వస్తాయి. పాత బ్యాండ్, వాకింగ్ మోడ్, నోటిఫికేషన్లు ఇక్కడా అవే.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నీ ఒకేసారి మార్చేయడం. చార్జింగ్ నిలుస్తుంది, బ్యాండ్ మోగడం ఆగుతుంది. దేనివల్ల ఏది జరిగిందో తెలియదు. ఒక రాత్రికి ఒక్క మార్పు చేయండి, కాగితం మీద రాసుకోండి.

రీసెంట్స్‌లోంచి, అంటే ఇటీవల తెరిచిన యాప్‌ల వరసలోంచి, యాప్‌ని పదే పదే పైకి తోసేయడం. ఆండ్రాయిడ్‌లో అది మళ్ళీ లేచి, మళ్ళీ బ్యాండ్‌తో జత కలుపుకోవాలి. ఖర్చు పెరుగుతుందే తప్ప తగ్గదు. ఐఫోన్‌లో అయితే మీరు తెరిచేదాకా సింకే ఆగిపోతుంది.

బ్యాటరీ సేవర్, క్లీనర్ అని ప్రకటనల్లో కనిపించే యాప్‌లు వేసుకోవడం. ఒక యాప్‌ని ఆపడానికి ఇంకో యాప్‌ని రాత్రంతా మేల్కొల్పి ఉంచుతున్నారన్నమాట. ఉంటే ఈరోజే తీసేయండి.

ఎండలో పరీక్షలు చేయడం. స్కూటర్ డిక్కీలో పెట్టిన ఫోన్ లెక్కను ఏసీ గదిలో ఉన్నదాని లెక్కతో పోల్చకండి. ఐఫోన్ వాడాల్సిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలని ఆపిల్ చెబుతుంది. మన వేసవి 40 దాటి పోతుంది. వేడికి లిథియం బ్యాటరీ ఆయుష్షు నిజంగానే తగ్గుతుంది. ఫోన్ వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే ఈ మెట్లన్నీ పక్కన పెట్టి, చార్జింగ్ పెట్టడం ఆపి, వెంటనే సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి.

ఫలితం ఎలా తెలుస్తుంది

ప్రతి మార్పు తర్వాత మొదటి మెట్టులోలాగే రాత్రి కొలవండి. బ్యాండ్ యాప్ ఆపేసిన రాత్రి పోయిన శాతానికి ఒకటి రెండు శాతం ఎక్కువలో ఉంటే పని అయినట్టే. బాబాయి గారికి పాత బ్యాండ్ తీసేసిన రాత్రి 8 శాతం పోయింది. మిగతా మెట్ల అవసరమే రాలేదు. బ్యాటరీ పేజీలో గ్రాఫ్ కూడా చూడండి. రాత్రంతా గీత దాదాపు అడ్డంగా సాగాలి, మెట్లు దిగినట్టు ఉండకూడదు.

అంతటితో ఆగకండి. పక్కగదిలోంచి ఎవరిచేతైనా ఫోన్ చేయించి బ్యాండ్ మోగుతుందో లేదో చూడండి. మర్నాడు అడుగులు, నిద్ర లెక్క వచ్చాయో లేదో చూడండి. ఒక్క రాత్రి చూసి సంతోషపడకుండా మూడు రాత్రులు చూడండి. ఫోన్ కూడా మీ వాడకాన్ని బట్టి సర్దుకోవడానికి కొన్ని రోజులు తీసుకుంటుంది.

యాప్ తప్పు కాదని తేలితే

రెండు రాత్రులూ ఒకేలా దిగినవాళ్ళు ముందు సిగ్నల్ చూడండి. గది లోపల సిగ్నల్ అందక ఫోన్ టవర్ కోసం వెతుకుతుంటే చార్జింగ్ బాగా పోతుంది. రోజూ విజయవాడ నుంచి గుంటూరుకు రైల్లో తిరిగేవాళ్ళకు ఇది బాగా అనుభవం. దారి పొడుగునా టవర్లు మారుతూనే ఉంటాయి. ఒక రాత్రి ఫోన్‌ని కిటికీ దగ్గర పెట్టి కొలిచి చూడండి.

అక్కడా తేడా లేకపోతే బ్యాటరీ పాతబడిందేమో. ఐఫోన్‌లో 'బ్యాటరీ హెల్త్' 80 శాతం కన్నా కిందికి వస్తే మార్చుకోవడం గురించి ఆలోచించవచ్చు. ఆండ్రాయిడ్‌లో కొన్ని ఫోన్లే ఈ అంకె చూపిస్తాయి. చూపించకపోతే సర్వీస్ సెంటర్‌కి వెళ్ళేటప్పుడు మీరు రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్ళండి. కొత్త బ్యాటరీ వేయమని మీరే అడగకండి. రాత్రుల లెక్క చూపించి, ముందు బ్యాటరీని పరీక్షించి ఎంత మిగిలిందో చెప్పమనండి.